ఇంగ్లీషువాళ్ళు ఎత్తుకుపోయిన పందికొక్కు

ఇంగ్లీషులో "బాండికూట్" అనే మాట ఒకటి వున్నది. పెద్ద నిఘంటువు ఏదైనా తీసి "బి" అక్షరం దగ్గర వెతికితే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాలో చిన్న బడిపిల్లలకు కూడా ఈ మాట తెలుసు. వీడియో ఆటలు ఆడేవాళ్ళకు మన దేశంలోనూ తెలుసు. 1996లో వచ్చిన ఒక ఆటలో కథానాయకుడి పేరు క్రాష్ బాండికూట్. నిఘంటువులో ప్రతి మాట పక్కనా అది ఏ భాష నుంచి వచ్చిందో చిన్న అక్షరాలతో వేస్తారు. ఆ చిన్న అక్షరాలను చాలామంది చదవరు. బాండికూట్ పక్కన చదివితే అక్కడ "తెలుగు" అని వుంటుంది!

బాండికూట్ అంటే మరేమీ కాదు, మన పందికొక్కే.

కైకలూరు, మండవల్లి, ఆకివీడు ప్రాంతాల పిల్లలకు పందికొక్కును గురించి ఎవరూ చెప్పనక్కర లేదు. పొలం గట్టు మీద నడుస్తుంటే కాలి కింద మట్టి గుల్లగా వుండి దిగబడటం, చేలో కొత్తగా ఎత్తిపోసిన మట్టి కుప్ప కనిపించటం, నాన్న దానిని చూసి మొహం చిట్లించటం వాళ్ళు ఎరుగుదురు. మితిమీరి తినేవాణ్ణి చూసి "పందికొక్కులా మెక్కుతున్నాడు" అనటం ఇళ్ళల్లో వింటూనే వుంటారు. అయితే ఆ పేరును విడదీసి చూశారా? పంది, కొక్కు - రెండు మాటలు. కొక్కు అంటే ఎలుక. పంది వంటి ఎలుక గనుక పందికొక్కు.

ఎలుకలో పందిపోలిక ఎక్కడిది? దాని వీపు మీద వెంట్రుకలు పంది వెంట్రుకల వలె బిరుసుగా నిక్కి వుంటాయి. అది పంది లాగానే మట్టిని పెళ్ళగిస్తుంది. కోపం వచ్చినా, భయం వేసినా ఇతర ఎలుకలలాగా కిచకిచమనక, పందిలాగా గుర్రుమంటుంది. ఇక తిండి విషయం చెప్పనే అక్కర లేదు. ఈ పేరు పెట్టిన పూర్వులు ఎవరో గాని, చాలా నిదానంగా దానిని గమనించి పెట్టారు.

మనం ఒకే పేరుతో పిలుస్తున్నా వీటిలో రెండు రకాలు వున్నాయి. పెద్దది తోకతో సహా అర మీటరు దాటుతుంది. బరువు కిలో దాకా తూగుతుంది. అలవాటు లేని పిల్లి దానిని చూసి వెనక్కు తగ్గినా తప్పు లేదు. రెండవది దానిలో సగం బరువు కూడా వుండదు. కాని వరి చేలో అసలైన దొంగ ఈ చిన్నదే.

ఈ దొంగ పనితనం చూడదగినది. కలుగు తవ్వేటప్పుడు ఒకే దారి పెట్టుకోదు, నాలుగైదు దారులు పెట్టుకుంటుంది. పగలు లోపల వుండి, దారులను మట్టితో మూసివేస్తుంది; పాము రాకుండా తలుపు వేసుకోవటమన్నమాట. లోపల పడక గది వేరు, ధాన్యపు కొట్టు వేరు. చీకటి పడ్డాక బయటికి వచ్చి పని మొదలుపెడుతుంది. వరి పొట్టకు వచ్చిన దశ అంటే దానికి మహా ఇష్టం. దుబ్బు అడుగున మొక్కను ఏటవాలుగా, కొడవలితో కోసినట్టు కొరుకుతుంది. కొరికినదంతా తింటుందా అంటే తినదు. తినేదానికంటె పాడుచేసేదే ఎక్కువ. కంకులు గట్టిపడ్డాక వాటిని కొరికి కలుగులోకి లాక్కుపోయి దాచుకుంటుంది. ఇలా దాచిన ధాన్యం ఒక్కొక్కచోట కిలోల కొద్దీ దొరుకుతుంది.

పూర్వం కోతలు అయిపోయాక యానాదులు వంటి పేదవాళ్ళు గట్లు వెంట తిరిగి, కలుగులు తవ్వి, ఈ కంకులు ఏరుకొని గంజి కాచుకునేవారు. రైతు కష్టాన్ని పందికొక్కు దోచుకుంటే, దాని కొట్టును తవ్వి పేదవాడు పొట్ట నింపుకునేవాడు. పందికొక్కులను పట్టటంలో యానాదులను మించినవారు లేరు. కుండలో గడ్డి వేసి నిప్పు పెట్టి, కుండ మూతిని కలుగుకు ఆనించి, కుండ అడుగున వున్న చిన్న కన్నంలో నుంచి గాలి ఊదుతారు. పొగంతా కలుగులోకి పోతుంది. మిగిలిన దారులన్నీ వాళ్ళు ముందే కనిపెట్టి మూసివుంచుతారు. నేల పైన మట్టి చూసి నేల లోపల దారి ఎటు పోతున్నదో చెప్పగలగటం చిన్న విద్య కాదు. బడిలో నేర్పే విద్యలలో అది లేదు గాని, వుంటే దానికీ మార్కులు వేయవలసిందే.

(పిల్లలూ, కలుగు కనిపించింది గదా అని మీరు మాత్రం అందులో చెయ్యి పెట్టకండి. ఒక్కొక్కప్పుడు పందికొక్కును తినివేసి, దాని ఇంట్లోనే పాము కాపురం వుంటుంది.)

కొల్లేటి ప్రాంతంలో ఈ బాధ మరికాస్త ఎక్కువ. వానాకాలంలో బుడమేరు, తమ్మిలేరు పొంగి కొల్లేరు ఉబ్బినప్పుడు పల్లపు చేలన్నీ మునిగిపోతాయి. పందికొక్కు బాగా ఈదగలదు. నీళ్ళు రాగానే అవన్నీ ఈదుకుంటూ ఎత్తైన గట్ల మీదికి, రోడ్ల పక్కకు, ఊళ్ళలోకి వచ్చేస్తాయి. నీళ్ళు తీయగానే మళ్ళీ చేలలోకి దిగుతాయి. ఆడది కడుపుతో వుండేది మూడు వారాల పైచిలుకు మాత్రమే. ఒక్కొక్క ఈతకు ఆరు ఏడు పిల్లలు, ఒక్కొక్కప్పుడు పది కూడా పెడుతుంది. ఆ పిల్లలు మూడు నెలలు దాటీ దాటకముందే తాము పిల్లలు పెట్టే వయసుకు వస్తాయి. సార్వా పంటలో నాలుగు పందికొక్కులు మిగిలితే దాళ్వా నాటికి ఎన్ని కాగలవో లెక్కల నోటు పుస్తకం తీసి వేసి చూడండి.

1980 ప్రాంతం నుంచి కైకలూరు చుట్టుపక్కల వరి చేలు అనేకం చేపల చెరువులైనాయి. వరి లేదు గదా అని పందికొక్కు వెళ్ళిపోలేదు. చెరువు గట్టు దానికి చేను గట్టు కంటె మంచి ఇల్లు. అది గట్టుకు అడ్డంగా తవ్విన కన్నంలో నుంచి ముందు నీరు ఊటగా కారుతుంది. చూసుకోకపోతే కన్నం పెద్దదై గండి పడుతుంది. అప్పుడు నీళ్ళతోపాటు చేపలూ పోతాయి.

మందు పెట్టి చంపాలన్నా ఒక్క రైతు వల్ల అయ్యే పని కాదు. నా చేలో చంపితే పక్క చేలో వున్నవి నా చేలోని ఖాళీ కలుగులు చూసుకొని కాపురానికి వస్తాయి. అందుకే వ్యవసాయ శాఖవారు ఊరంతా ఒకే రోజున, చేలూ గట్లూ కాలవ ఒడ్లూ వదలకుండా ఎర పెట్టాలని చెబుతారు. ఆ ఎర విషం గనుక పిల్లలు దాని దగ్గరికి పోకూడదు. విషం లేని వేటగాళ్ళు కూడా మనకు వున్నారు: జెర్రిపోతు, ముంగిస, గుడ్లగూబ. ఇప్పుడు కొందరు రైతులు గుడ్లగూబ రాత్రిపూట వచ్చి వాలటానికి చేలో కర్రలు పాతుతున్నారు. గుడ్లగూబ కూస్తే కీడని రాయి పుచ్చుకొని తరిమేవారికి ఇది కాస్త వింతగా వుంటుంది గాని, లాభం ఎటు వున్నదో చేనే చెబుతుంది.

సరే, ఇంత అల్లరి చేసే జంతువు ఇంగ్లీషు భాషలోకి ఎలా వెళ్ళింది?

కైకలూరుకు దక్షిణాన, సముద్రపు ఒడ్డున మచిలీపట్నం వున్నది. 1611లో "గ్లోబ్" అనే ఓడలో ఇంగ్లీషు వర్తకులు అక్కడికి వచ్చి వ్యాపారం పెట్టారు. చెన్నపట్నంలో వాళ్ళు కోట కట్టటానికి ఇంకా సుమారు 30 సంవత్సరాల ముందుమాట ఇది. నరసాపురం పక్కన మాధవాయపాలెంలో కూడా వాళ్ళకు వర్తకపు కేంద్రం వుండేది. అక్కడి నుంచి వెళ్ళిన మెత్తని నూలు గుడ్డకు ఇంగ్లీషులో "మడపొల్లం" అనే పేరు స్థిరపడింది. మాధవాయపాలెం అనే మాటను దొర నోట్లో వేసి నమిలితే మడపొల్లం అయిందన్నమాట. ఏలూరును "ఎల్లూర్" అనీ, కాకినాడను "కొకనాడ" అనీ, విశాఖపట్నాన్ని "వైజాగపటం" అనీ రాసినవారు వీళ్ళే.

వర్తకులకు సరుకు నిలవచేసే గిడ్డంగులు కావాలి. ఇంగ్లీషులో గిడ్డంగిని "గోడౌన్" అంటారు గదా, ఆ మాట మలయా భాష మీదుగా వచ్చిందనీ, దాని మూలం మన గిడ్డంగి, అరవల కిడంగు అనే మాటలలోనే వున్నదనీ కొందరు పండితులు చెప్పారు. గిడ్డంగి వున్నచోట పందికొక్కు లేకుండా వుంటుందా? మూటలు కొరికి, నేల తవ్వి, గోడ కింద కన్నం పెట్టే ఆ జంతువును చూపి, పేరేమిటని దొర అడిగితే తెలుగు కూలీ, తెలుగు గుమాస్తా ఏమని చెబుతారు? తమిళంలో అయితే దానిని పెరుచ్చాళి అంటారు. కన్నడంలో హెగ్గణ. హిందీలో ఘూస్. వీటిలో ఏది విన్నా దొర నోట "బాండికూట్" అనే మాట పుట్టదు. తెలుగు పేరు విన్నవాడికే పుడుతుంది. అందుకే ఈ మాట తెలుగుదని చెప్పటంలో పండితులకు తగువు లేదు.

మరి "ప" పోయి "బ" ఎందుకు వచ్చింది? ఒక చిన్న పరీక్ష చేసి చూడండి. సన్నని కాగితం ముక్కను పెదవుల ముందు వేలాడదీసి పట్టుకొని "పంది" అనండి. కాగితం కదలీ కదలనట్టుంటుంది. ఇప్పుడు గాలి బాగా వదులుతూ, ఒత్తు పలికినట్టు "ప" అనండి. కాగితం ఎగురుతుంది. ఇంగ్లీషువాళ్ళు మాట మొదట్లో వచ్చే "ప"ను ఇలా గాలి వదిలి పలుకుతారు. గాలి లేని మన "ప" వాళ్ళ చెవికి "బ" లాగా వినిపించటం సహజం. అందువల్ల పంది "బాండి" అయింది. ఇక "కొక్కు" చివర "కూట్" అయి కూర్చున్నది. కూట్ అనేది ఇంగ్లీషులో ఒక నీటిపక్షి పేరు. నల్లని ఒళ్ళు, నొసట తెల్లని మచ్చతో చలికాలంలో మన కొల్లేటిలోనూ గుంపులుగా ఈదుతుంటుంది. కొత్త మాటను పలకలేనప్పుడు మనిషి తనకు తెలిసిన మాటలోకి దానిని తిప్పుకుంటాడు. ఇక్కడ కూడా అదే జరిగి వుంటుందని నాకు తోస్తుంది.

1852లో అచ్చయిన బ్రౌనుదొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మన పెద్దలకు తెలిసినదే. మచిలీపట్నంలోనూ రాజమహేంద్రవరంలోనూ ఉద్యోగం చేసిన మనిషి ఆయన. ఆ తర్వాత 1886లో యూల్, బర్నెల్ అనే ఇద్దరు కలిసి, మన దేశపు భాషల నుంచి ఇంగ్లీషులోకి పోయిన మాటలకు ఒక పెద్ద నిఘంటువు వేశారు. దాని పేరు "హాబ్సన్-జాబ్సన్". ఇదేమి పేరు అంటారా? మొహర్రం పీర్ల ఊరేగింపులో "యా హసన్, యా హుసేన్" అని ఎలుగెత్తి శోకించేవారి కేకలు తెల్ల సిపాయిల చెవికి "హాబ్సన్-జాబ్సన్" అని వినిపించాయట. మాటలు చెవి మారితే ఎలా మారిపోతాయో చూపే పుస్తకానికి అంతకంటె మంచి పేరు దొరకదు. ఆ పుస్తకంలో బాండికూట్‌కు చోటు వున్నది. అది తెలుగు పందికొక్కే ననీ, పంది-ఎలుక అని అర్థమనీ వాళ్ళు రాశారు. 14వ శతాబ్దంలో మన దేశమంతా తిరిగిన ఇబ్న్ బతూతా, దేవగిరి కోటలోని చీకటి కొట్లలో పిల్లులకంటె పెద్ద ఎలుకలు వున్నాయనీ, పిల్లులే వాటిని చూసి పారిపోతాయనీ రాసిన సంగతి కూడా అందులో ఎత్తి చూపారు. అవి పందికొక్కులే అయివుండాలి.

ఇంగ్లీషులో చేరిన పందికొక్కు అక్కడితో ఆగలేదు. లాటిన్ కూడా నేర్చుకున్నది! జంతువులకు ప్రపంచమంతటా చెల్లే శాస్త్రీయ నామాలు వుంటాయి గదా. 1873లో లండనులోని బ్రిటిష్ మ్యూజియంలో పనిచేసే జాన్ ఎడ్వర్డ్ గ్రే అనే శాస్త్రజ్ఞుడు పందికొక్కులను మిగతా ఎలుకల నుంచి వేరుచేసి, ఆ ప్రజాతికి "బాండికోటా" అని పేరు పెట్టాడు. ఇప్పుడు పెద్ద పందికొక్కు "బాండికోటా ఇండికా", చిన్నది "బాండికోటా బెంగాలెన్సిస్". జపానులో గాని బ్రెజిల్‌లో గాని ఎలుకలను గురించి రాసే శాస్త్రజ్ఞుడు, తనకు తెలియకుండానే, మన గట్టు మీద పుట్టిన తెలుగు మాట రాస్తున్నాడన్నమాట.

ఇక్కడి నుంచి కథ సముద్రం దాటుతుంది.

1788లో ఇంగ్లీషువాళ్ళు ఆస్ట్రేలియాలో, ఇప్పటి సిడ్నీ దగ్గర, వలస పెట్టారు. ఆ దేశపు జంతువులన్నీ వాళ్ళకు కొత్త. పేర్లు కావాలి. కొత్త జంతువును చూసినప్పుడు ఇది మనకు తెలిసిన దేనిలాగా వున్నదని ఆలోచించి, ఆ పేరు తగిలించేవారు. చెట్టెక్కి కూర్చున్న బొద్దు జంతువు కోఆలాను "ఎలుగుబంటి" అన్నారు. అది ఎలుగుబంటి కాదు. అలాగే కోసుముక్కుతో, రాత్రిపూట నేల తవ్వుతూ తిరిగే ఒక చిన్న జంతువు కనిపించింది. ఆ వలసకు ఓడలు మన దేశపు రేవుల నుంచి కూడా పోతుండేవి. ఇక్కడి మాటలు ఎరిగినవాళ్ళు వాళ్ళలో వుండేవారు. "ఓహో, ఇది బాండికూట్!" అన్నారు. ఆ పేరే నిలిచిపోయింది.

నిజానికి ఆ జంతువుకూ పందికొక్కుకూ ఏ చుట్టరికమూ లేదు. అది ఎలుకే కాదు. కంగారూలాగా కడుపు దగ్గర సంచి వున్న జంతువు. తల్లి కడుపులో పిల్ల వుండేది, కొన్ని జాతులలో, పన్నెండున్నర రోజులు మాత్రమే! పాలిచ్చే జంతువులలో ఇంత తక్కువ కాలం చాలా అరుదు. ఏనుగుకు 22 నెలలు పడుతుందని గుర్తు తెచ్చుకోండి. పుట్టిన పిల్ల సుమారు సెంటీమీటరు పొడవు వుంటుంది. పాకుతూ సంచిలోకి పోయి, అక్కడ పాలు తాగుతూ పెరుగుతుంది. కంగారూ సంచి నోరు పైకి వుంటుంది. బాండికూట్ సంచి నోరు వెనక్కు వుంటుంది. ఎందుకో చెప్పగలరా? తల్లి ముందుకాళ్ళతో మట్టి తవ్వి వెనక్కు విసురుతుంది గదా. సంచి నోరు ముందుకు వుంటే ఆ మట్టంతా పిల్లల మీద పడుతుంది!

అది తవ్వేది వరి కోసం కాదు. పురుగులు, వానపాములు, దుంపలు, పుట్టగొడుగుల వంటివి దాని ఆహారం. దాని తవ్వకం వల్ల నేల గుల్లబారి వాన నీరు ఇంకుతుంది. ఎవరి పచ్చిక తోటలోనైనా చిన్న చిన్న గరాటు గుంటలు కనిపిస్తే అక్కడివాళ్ళు కొంచెం విసుక్కుంటారు. అంతకంటె దాని వల్ల అపకారం లేదు.

ఆ దేశపు ఆదివాసులకు ఈ జంతువులతో వేల ఏళ్ళ పరిచయం. వాళ్ళ భాషలలో వాటికి చక్కని పేర్లు వున్నాయి. నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ ప్రజలు ఒక జాతి బాండికూట్‌ను "క్వెండా" అంటారు; ఆ పేరు అక్కడ ఇప్పటికీ వాడుకలో వున్నది. కుందేలు చెవుల వంటి చెవులున్న ఒక జాతికి "బిల్బీ" అనే ఆదివాసుల మాటే ఇంగ్లీషులోకి వచ్చింది. మిగిలినవాటికి మాత్రం, ఎక్కడో వేల మైళ్ళ దూరాన వున్న మన ఎలుక పేరు తగులుకున్నది. మన మాట అంత దూరం పోయిందని సంతోషించవచ్చు గాని, దాని కింద ఎన్ని ఆదివాసుల మాటలు అణగిపోయాయో కూడా తలచుకోవాలి.

పేర్లు పెట్టటంలో తమాషాకు ఒక్క వుదాహరణ చెబుతాను. బాండికూట్‌లలో ఒకదానికి ముందుకాళ్ళ వేళ్ళు రెండే వుండి, పంది గిట్టల వలె వుండేవి. దానిని "పందికాళ్ళ బాండికూట్" అన్నారు. తెలుగులో చెబితే "పందికాళ్ళ పందికొక్కు"! పేరులో రెండు పందులూ ఒక ఎలుకా వున్నాయి. జంతువులో పందీ లేదు, ఎలుకా లేదు. అది చాలదన్నట్టు, 1836లో మిచెల్ అనే ఆయన అన్వేషణ యాత్రలో దొరికిన దానికి ఎందుకో తోక వూడిపోయి వున్నది. దానిని చూసి శాస్త్రీయ నామంలో "తోక లేనిది" అని చేర్చారు. తర్వాత దొరికినవాటికి శుభ్రంగా తోకలు వున్నాయి. పేరు మాత్రం మారలేదు. ఇప్పుడు మార్చినా వినటానికి ఆ జంతువు లేదు. ఇరవయ్యవ శతాబ్దం నడిమి నాటికి అది భూమి మీద నుంచి పూర్తిగా నశించిపోయింది.

ఆస్ట్రేలియావాళ్ళు ఈ మాటను క్రియగా కూడా వాడారు. బంగాళాదుంపల తోటలో మొక్క పైభాగం కదలకుండా, పక్క నుంచి మట్టి తవ్వి దుంపలను మాత్రం లాగివేయటాన్ని "బాండికూట్ చేయటం" అంటారు. తోటవాడు వచ్చి చూస్తే మొక్కలు పచ్చగానే వుంటాయి, కింద దుంపలుండవు. మన గట్టు మీది దొంగ గుణం పేరుతో పాటు అక్కడికీ పాకినట్టున్నది! కాని మనం పందికొక్కు అనగానే బాగా తిని బలిసిన మనిషిని తలచుకుంటాము. వాళ్ళేమో దిగులుగా మొహం వేలవేసుకున్నవాణ్ణి "బాండికూట్‌లా వున్నాడు" అంటారు.

దిగులు పడవలసిన స్థితి దానికి నిజంగానే వచ్చింది. పేరు తెచ్చిన ఇంగ్లీషువాళ్ళే, పందొమ్మిదవ శతాబ్దంలో, వేట సరదా కోసం తమ దేశపు ఎర్రనక్కలను కూడా ఆస్ట్రేలియాకు తెచ్చి వదిలారు. పిల్లులూ వెంట వచ్చాయి. నక్కను ఎన్నడూ ఎరగని బాండికూట్‌లు వాటి నోట పడ్డాయి. గడ్డి మైదానాలు సేద్యంలోకి, గొర్రెల మేతలోకి పోయి దాగటానికి చోటు లేకపోయింది. విక్టోరియా రాష్ట్రంలో, వీపు వెనుక చారలున్న ఒక జాతి తరిగి తరిగి 1980 తర్వాతి సంవత్సరాలలో హామిల్టన్ అనే ఊరి దగ్గర మాత్రమే మిగిలింది. ఎక్కడ తలదాచుకున్నదో తెలుసా? ఆ ఊరి చెత్తదిబ్బలో, పారేసిన పాత మోటారు కార్ల తొట్లలో! నక్క దూరలేని చోటు దానికి అదొక్కటే దొరికింది. ఆ రాష్ట్రం మొత్తం మీద అవి నూట యాభై కూడా మిగలలేదని తేలింది.

అప్పుడు మనుషులు మేలుకున్నారు. కొన్నింటిని పట్టి తెచ్చి, రక్షణలో పెంచి, పిల్లలు పెట్టించారు. చుట్టూ నక్క దాటలేని కంచెలు వేసి లోపల వదిలారు. నక్కలు లేని దీవులు వెతికి 2015లో చర్చిల్ దీవిలో, 2017లో ఫిలిప్ దీవిలో, 2019లో ఫ్రెంచ్ దీవిలో విడిచారు. గొర్రెల మందకు కాపలా కాసే మరెమ్మా జాతి కుక్కలకు బాండికూట్‌లను కాపాడటం నేర్పి చూశారు. 30 సంవత్సరాలకు పైగా ఇలా పాటుపడితే, 2021లో విక్టోరియా ప్రభుత్వం ఆ జాతిని "అడవిలో అంతరించినవి" అనే పట్టీలో నుంచి తీసి "అపాయంలో వున్నవి" అనే పట్టీలో వేసింది. అపాయంలో వుండటం కూడా ఒక మెట్టు పైకి ఎక్కటమే!

ఒకే పేరు; ఇక్కడ ఊరంతా కలిసి చంపటానికి రోజు పెట్టుకుంటారు, అక్కడ ఊరంతా కలిసి కుక్కను కాపలా పెడతారు. రెండుచోట్లా మనుషులు చేసేది సబబే. కొల్లేటి రైతు ఆస్ట్రేలియా వెళ్ళి "మీకు మతి పోయిందా, పందికొక్కును పెంచుతారా?" అన్నా, అక్కడివారు ఇక్కడికి వచ్చి "పాపం, బాండికూట్‌ను చంపుతారా?" అన్నా, తగువు జంతువు వల్ల వచ్చినది కాదు, పేరు వల్ల వచ్చినది.

ఈ మాట మళ్ళీ మన దేశానికి తిరిగి వచ్చిన సంగతి కూడా చెప్పాలి. పట్టణాలలో మురుగు కాలవలు పూడుకుపోతే, మ్యాన్‌హోల్ మూత తీసి మనిషి లోపలికి దిగి, చేతులతో మురుగు తీయటం వుండేది. లోపల విషవాయువులు నిండి వుంటాయి. అలా దిగి ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్ళు మన దేశంలో ఎందరో. మనిషి చేత ఈ పని చేయించరాదని 2013లో చట్టం వచ్చింది. అయినా మరణాలు ఆగలేదు. కేరళలో కొందరు యువ ఇంజనీర్లు కూడి, మనిషికి బదులు లోపలికి దిగే యంత్రం ఒకటి తయారుచేశారు. 2018లో తిరువనంతపురంలో దానిని పనిలో పెట్టారు. కాళ్ళు చాచి మ్యాన్‌హోల్ మీద నిలబడి, పొడుగాటి చేతిని లోపలికి దింపి, బురదనూ చెత్తనూ తవ్వి బొక్కెనతో పైకి తెస్తుంది. కిందికి దిగవలసిన మనిషి పైన, గాలీ వెలుతురూ వున్నచోట నిలబడి, కెమెరా పంపే బొమ్మ చూస్తూ దానిని నడుపుతాడు.

నేల కింద చీకటిలో తవ్వే ఆ యంత్రానికి వాళ్ళు పెట్టిన పేరు బాండికూట్.